ఇంగ్లండు దేశపు ఒక పాత కాపుటిల్లు



ఇంగ్లండు దేశపు పాత కట్టడములనగానే మనకు కోటలును, రాజభవనములును, ఎత్తయిన శిఖరములుగల క్రైస్తవ దేవాలయములును జ్ఞప్తికి వచ్చును. నేడు నేను చెప్పబోవునది వానిని గూర్చి కాదు. పొలము దున్నించుకొని బ్రదికిన ఒక కాపువాని యింటిని గూర్చి. ఆ యింటి పేరు బేలీఫ్. ఆరువందల యేండ్లనాటిది.

కట్టిన చోట నది యిప్పుడు లేదు. కెంటు మండలమున చిడింగ్‌స్టన్ అను గ్రామముకడ ఒక లోయలో నుండెడిది. పట్టణముల మంచినీటికై ఆ లోయలో బౌ బీచ్ అను జలాశయమును కట్ట నిశ్చయించినప్పుడు ఆ యింటికి ఆయువు మూడినదనియే అందరును తలచిరి. కాని 1968, 69 సంవత్సరములలో దానిని కొయ్యకు కొయ్య విప్పి, ససెక్సు మండలమందలి సింగిల్టన్ గ్రామమునకు కొనిపోయి, 1972లో మరల నిలువబెట్టిరి. అచ్చట రాయ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను పండితుని పూనికతో ఏర్పడి, 1970లో ప్రజలకు తెరువబడిన ప్రదర్శనశాల యొకటి కలదు. అట్లు విప్పి తెచ్చిన యిండ్లును, కొట్టములును అందులో నేడు ఏబదికి పైబడి యున్నవి.

ఆ యింటిని నేను స్వయముగా చూచితిని. దూరమునుండి చూచువారికి ముందుగా కనబడునది దాని పెంకుల కప్పు. మూడు భాగముల యింటికిని కప్పు ఒక్కటియే. నడుమ చావడి, ఇరుప్రక్కల రెండేసి అంతస్తుల గదులు. ప్రక్కగదుల పై యంతస్తు క్రింది గోడను దాటి ముందునకు పొడుచుకొని వచ్చును. చూరు మాత్రము తిన్నగా సాగును. అందుచేత నడిమి చావడి గోడ లోనికి జరిగినట్లగపడును. అచ్చట చూరుకొయ్యను వంపుదిరిగిన బోదెకర్రలు మోయుచుండును. ఈ తీరు యిండ్లు కెంటు, ససెక్సు మండలములలో విరివి. వీల్డు అను పూర్వపు అడవిప్రాంతము పేర వీనికి వీల్డెన్ యిండ్లని పేరు వచ్చినది.

గోడలు రాతివి కావు, ఇటుకవి కావు. ఓకు కొయ్యతో చట్రము బిగించి, నడుమ తడికలల్లి, మన్ను, గడ్డి, పేడ కలిపి మెత్తిరి. ఈ మాట వినగానే మీలో పలువురు నవ్వుకొందురని యెరుగుదును. నేనును నవ్వుకొంటిని.

లోపలికి పోవుదము. ఎదురెదురు ద్వారముల నడుమ ఒక నడవ. దానికొక ప్రక్కను రెండు చిన్న కొట్టులు. ఒకటి పాంట్రీ, రొట్టె మొదలగునవి దాచునది. రెండవది బటరీ, ఈ పేరునకును వెన్నకును సంబంధము లేదు, అది సారాపీపాయిల మాటనుండి వచ్చినది. నడవకు రెండవ ప్రక్కను చావడి. దానికి అటకయైనను లేదు. నేలమీద నిలిచి తలయెత్తిన వాసములదాక చూపు పోవును. పెద్ద దూలము అడ్డముగా సాగియుండును. దాని నడుమ, మన నిట్టాడువలె, ఒక పొట్టి స్తంభము లేచును. కాని నిట్టాడు నేలనుండి లేచును, ఇది దూలము వీపుననుండి. చావడి యావలి కొసను యజమానుని గది. దాని మీద నిద్రించు గది, దానికి అంటి వెలుపలికి వ్రేలాడు మరుగుదొడ్డి. కిటికీలకు అద్దములు లేవు. నిలువు కొయ్యకమ్ములును, మూయుటకు పలకలును మాత్రమే. చలిదేశమున వారెట్లు బ్రదికిరో!

బ్రదికినది నెగడుతో. చావడి నడుమ నేలమీదనే నిప్పు. పొగగొట్టము లేదు. పొగ పైకి లేచి, వాసములలో తిరిగి, పెంకుల సందులగుండ పోవును. నేను పోయిన దినమున నెగడు రగుల్చబడియుండెను. గడియసేపటికే నా కన్నులు నీరుగారినవి. చిన్ననాడు పచ్చికట్టెలతో పొయ్యి యూదుచున్న మా యమ్మ ముఖము నాకు కనబడినది.

ఇట్టి యిల్లు కాపువానికెట్లు కలిగెను? 1348, 49 సంవత్సరములలో మహామారి వచ్చి ఆ దేశపు ప్రజలలో మూడవవంతునకు తక్కువగాకుండ హరించినది. చచ్చినవారి పొలములు మిగిలినవారికి దక్కెను, కూలి పెరిగెను, కొందరు కాపులకు చేతిలో నాలుగు రూకలు నిలిచెను. అయినను ఇది కలిగినవాని యిల్లేయని మరువరాదు. కూలివాని గుడిసె నేటికి నిలువలేదు.

ఆ యింటి వయస్సు చెప్పినది కొయ్యయే. చెట్టును నరికిన మొద్దుమీద ఏడాదికొక వలయము కనబడును గదా! వానలు బాగుగా కురిసిన యేట వలయము వెడల్పు, కరవునాట సన్నము. ఒకే ప్రాంతపు చెట్లలో ఈ వరుస యొక్కతీరుననే యుండును గావున, తేదీ తెలిసిన కొయ్యతో పోల్చి, తెలియనిదాని నరకిన కాలమును నిర్ణయింతురు. అట్లు చూడగా చావడియు, కొట్టులభాగమును 1405 మొదలు 1430 లోపలను, యజమానుని గదులు 1505 మొదలు 1510 లోపలను కట్టినట్లు తేలినది. ఇల్లు ఒక్క కాలమున కట్టినది కాదు. నూరేండ్లకు తరువాతివారు పెంచుకొన్నది.

ఆనాటి వడ్రంగులు పచ్చికొయ్యనే చెక్కి, ముందుగా తమ పనిచోట నేలమీద చట్రము పరచి కూర్చి, ఏ కొయ్య దేనిలో దూరవలెనో అంకెలు గీసి, విప్పి, ఇల్లుకట్టు చోటికి మోసికొనిపోయి, కొయ్యచీలలతో బిగించెడివారు. అయిదు శతాబ్దముల తరువాత దానిని విప్పినవారును ప్రతి కొయ్యకు మరల అంకె వేసిరి.

ఇంతవరకు సుఖముగనే యున్నది. చిక్కు నిలువబెట్టునప్పుడు వచ్చినది. ఏ కాలపు యింటిని నిలువబెట్టవలెను? తరువాతి తరములవారు ఆ చావడిలో పొగగొట్టము కట్టుకొనిరి. వీరు దానిని విడిచి, 1500ల మొదటినాటి రూపమునే నిలిపిరి. 1540 ప్రాంతమున ఉండదగిన మంచములు, బల్లలు, పెట్టెలు క్రొత్తగా చేయించి పెట్టిరి. పొగగొట్టము క్రింద వంటచేసికొని కాపురములు చేసిన అన్ని తరముల గృహిణులకు అందులో చోటు లేకపోయెను. ఇది నాకు మొదట అన్యాయముగా తోచెను. నెగడు ప్రక్క నిలిచిన తరువాత నా పట్టు కొంత సడలినది. ఆ పొగను చూడక ఆ కప్పుయొక్క నలుపు బోధపడదు. అయినను పూర్తిగా ఒప్పుకొనలేదు.

పండితులును పొరబడుదురు. అదే లోయనుండి తెచ్చిన వింకుహర్స్టు అను కట్టడమును మొదట ఒక పూర్తి యిల్లని నిలిపిరి. తరువాత అది ఇల్లు గాదు, వేరొక యింటి వంటసాల యని గ్రహించి, విప్పి, మరియొకచోట తిరిగి కట్టిరి. తప్పు ఒప్పుకొని మరల కట్టుటకు ఓపిక కావలెను.

శ్రీశైలము జలాశయమునకై మన కృష్ణాతీరపు ప్రాచీన దేవాలయములను రాయికి రాయి విప్పి తరలించిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురమునకు చేరినది. మంచి పనియే. కాని మునిగిన పల్లెల కాపుటిండ్లలో ఒక్కదాని దూలములకైనను ఎవరేని అంకెలు వేసినట్లు నేను వినలేదు.

పొగగొట్టముల మాట వచ్చినది గావున ఇంకొకటి చెప్పి ముగింతును. 1577లో అచ్చయిన ఇంగ్లండు దేశవర్ణనమను గ్రంథమున విలియం హారిసన్ అను మతాచార్యుడు తన యూరి ముసలివారి మాటలు వ్రాసెను. తమ జీవితకాలమున మూడు మార్పులు చూచితిమని వారనిరట. మొదటిది, క్రొత్తగా లేచిన పొగగొట్టముల సంఖ్య. రెండవది, గడ్డిపరుపును, తలక్రింది మొద్దును పోయి మెత్తని పడకలు వచ్చుట. మూడవది, కొయ్యపళ్లెములు పోయి లోహపు పాత్రలు వచ్చుట. హారిసనునకు పొగగొట్టములు అంతగా నచ్చలేదు. వెనుకటి పొగ దూలములను గట్టిపరచి, ఇంటివారికి జలుబు రాకుండ కాపాడెడిదనియు, ఇప్పటివారు పొగగొట్టముల క్రింద కూర్చుండియు తుమ్ముచున్నారనియు ఆయన వ్రాసినాడు.