వెతికేవారికి దొరకాలంటే
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడదలచిన విషయం పేరు కొంచెం పొడుగు. సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్. పిల్లలు ఎస్.ఇ.ఓ. అని పొట్టిగా అంటారు. సంఘం సభలో ఇదెందుకని కొందరికి తోచవచ్చు. మన కుర్రవాళ్ళు దీన్ని ఒక పనిగా నేర్చుకోవడానికి ఫీజులు కడుతున్నారు. మన దుకాణదారుల దగ్గరికి "గూగుల్‌లో మీ షాపును మొదటి పేరుగా తెస్తాము" అంటూ మనుషులు వస్తున్నారు. రెండు చోట్లా పెట్టేది చెమటోడ్చిన సొమ్మే. కనుక ఆ పని ఏమిటో, అది ఏళ్ళ తరబడి ఎట్లా మారుతూ వచ్చిందో తెలుసుకోవడం మంచిది.

ముందు యంత్రం సంగతి చెప్తాను. గూగుల్ వంటి సెర్చ్ ఇంజిను ఇంటర్నెట్టులోని పేజీలను ఒకదాని వెంట ఒకటి తిరిగి చదువుతుంది. లావు పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉన్నదో పట్టిక ఇస్తారు కదా, అటువంటి పట్టిక తయారు చేసుకుంటుంది. మనం ఏదైనా అడిగినప్పుడు ఆ పట్టిక చూసి, వేలాది పేజీలలో ఏది ముందు, ఏది వెనుక అని వరుస కడుతుంది. ఆ వరుసలో మన పేజీ ముందుకు రావడానికి చేసే ఏర్పాట్లనే ఎస్.ఇ.ఓ. అంటారు.

1994లో యాహూ మొదలైనప్పుడు మనుషులే సైట్లను చూసి జాబితా రాసేవారు. 1995లో ఆల్టావిస్టా వచ్చింది. అప్పటి యంత్రాలు ముఖ్యంగా మాటలను చూసేవి. ఒక మాట పేజీలో ఎక్కువసార్లు కనిపిస్తే అది ఆ విషయం గురించిన పేజీ అనుకునేవి. ఇది తెలియగానే జనం ఒకే మాటను వందసార్లు రాయడం మొదలుపెట్టినారు. తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్లు, చదివేవారికి కనపడకుండా యంత్రానికి మాత్రమే కనపడే మాటలు పెట్టినారు. పేజీ లోపల కీలక పదాల పట్టీ అని ఒక చోటు ఉంటుంది. అందులో సంబంధం లేని పేర్లన్నీ కుక్కినారు. చివరకు ఆ పట్టీని తాము లెక్కలోకే తీసుకోమని గూగుల్ వారు 2009లో బహిరంగంగా చెప్పినారు.

ఆ గూగుల్ సంస్థను 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్థాపించినారు. వారి ఆలోచన వేరు. ఒక పేజీ తన గురించి తాను ఏమి చెప్పుకుంటున్నదని మాత్రమే చూస్తే చాలదు, ఇతరులు దాన్ని ఎంతమంది చూపిస్తున్నారో చూడాలి అన్నారు. అనగా ఒక సైటు ఇంకొక సైటుకు లింకు ఇస్తే అది గవాహీ అన్నమాట. పెద్దమనిషి గవాహీకి ఎక్కువ విలువ, ఊరూ పేరూ లేనివాడి గవాహీకి తక్కువ విలువ. చక్కని పద్ధతే. కాని గవాహీకి విలువ ఉన్నచోట దొంగ గవాహీ కూడా పుడుతుంది. లింకులు కొనడం, అమ్మడం వ్యాపారమైపోయింది. అమెరికాలో జె.సి. పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ పేరు ఎన్నో సరుకుల వెతుకులాటలో మొదట రావడానికి, సంబంధం లేని సైట్లలో పెట్టిన వేలాది లింకులు కారణమని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. గూగుల్ దాన్ని వరుసలో కిందికి దించింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, అటువంటి లింకుల మీద ఆధారపడిన సైట్లను వెనక్కి నెట్టింది. అంతకు ముందే 2011లో పాండా అనే మార్పు వచ్చింది. సరుకు లేకుండా కుప్పలు తెప్పలుగా రాసిపడేసిన వ్యాసాలకు అది దెబ్బ.

ఆ తరువాత యంత్రం మాటలను దాటి భావం వైపు నడిచింది. 2013లో హమ్మింగ్‌బర్డ్, 2019లో బెర్ట్ అనే పద్ధతులు వచ్చినవి. అడిగిన వాక్యంలో "కు", "నుంచి" వంటి చిన్న ముక్కలను కూడా పట్టించుకోవడం మొదలైంది. హైదరాబాదు నుంచి కర్నూలుకు పోయేవాడు, కర్నూలు నుంచి హైదరాబాదుకు వచ్చేవాడు ఒకటి కాదు కదా! 2015లో సెల్‌ఫోనులో సరిగ్గా తెరుచుకునే పేజీలకు ఫోనులో వెతికేటప్పుడు ప్రాధాన్యం ఇచ్చినారు. 2022లో, మనుషులకు ఉపయోగపడే రాతకు, స్వానుభవంతో రాసినదానికి విలువ అన్నారు. 2024 మార్చిలో, వరుసలో ముందుకు రావడం కోసమే కుప్పలుగా పేజీలు తయారు చేయడం, యంత్రంతో రాయించినా మనిషితో రాయించినా, నిబంధనకు విరుద్ధమన్నారు. అదే ఏడాది ఆగస్టులో మన దేశంలో కొన్ని ప్రశ్నలకు గూగులే కృత్రిమ మేధతో జవాబు రాసి పైన చూపించడం మొదలుపెట్టింది. జవాబు పైనే దొరికితే కింద ఉన్న సైటు తలుపు తట్టేవారు తగ్గుతారు. ఈ పని మీద బతికేవారికి ఇప్పుడున్న బెంగ అదే.

ఇన్ని మార్పులు ఎందుకు? బడిలో మేము దీన్ని ఏటా చూస్తూనే ఉంటాము. ఫలానా ప్రశ్నలే వస్తాయని తెలిస్తే పిల్లవాడు పాఠం వదిలి గెస్ పేపరు పట్టుకుంటాడు. అందరూ గెస్ పేపరే చదివితే ప్రశ్నల తీరు మారుతుంది. అప్పుడు పాఠం చదివినవాడు నిలుస్తాడు, గెస్ పేపరు వాడు బోల్తా పడతాడు. ఎస్.ఇ.ఓ.లోనూ అంతే. యంత్రం దేన్ని కొలుస్తుందో తెలియగానే జనం ఆ కొలతను మోసగిస్తారు, దానితో కొలత మారుతుంది. ప్రవక్త (స) వారు బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిందనీ, తడిసిన గింజలను జనానికి కనపడేట్లు పైన ఎందుకు పెట్టలేదని అడిగినారనీ మనందరం విన్నదే. పైన ఒకటి, లోపల ఒకటి పెట్టే వ్యాపారం ఇంటర్నెట్టులో అయినా అదే వ్యాపారం.

ఇక మన భాషల సంగతి. ఉర్దూ రాతను చాలాకాలం బొమ్మలుగా సైట్లలో పెట్టినారు. నస్తాలీఖ్ అందం పోకూడదని ఇన్‌పేజ్‌లో కూర్చి, దాన్ని ఫోటో చేసి పెట్టడం వాడుక. కంటికి ఇంపుగా ఉంటుంది, కాని యంత్రానికి అది అక్షరం కాదు, బొమ్మ. తెలుగు పత్రికలు కొన్ని కూడా తమ సొంత ఫాంట్లు వాడుకున్న రోజుల్లో వాటి రాత వెతుకులాటకు అందలేదు. యూనికోడ్ అనే ఉమ్మడి పద్ధతి వాడుకలోకి వచ్చాక ఆ చిక్కు చాలావరకు తీరింది. అయినా జాగ్రత్త కావాలి. యూనికోడ్‌లో ఉర్దూ కాఫ్ వేరు, అరబ్బీ కాఫ్ వేరు. "యే" కూడా అంతే. "కితాబ్" అని రెండు రకాలుగా కొట్టవచ్చు. కంటికి ఒకటిగానే కనిపిస్తుంది, యంత్రం లెక్కలో రెండు వేరు మాటలు. పెద్ద సెర్చ్ ఇంజిన్లు సర్దుకున్నా, చిన్న సైట్ల లోపలి వెతుకులాటలో పుస్తకం ఉండి కూడా దొరకకపోవచ్చు.

ఇది పండితుల గొడవ కాదు. సంఘాలు స్కాలర్‌షిప్ ప్రకటనను పోస్టరుగా చేసి వాట్సాప్‌లో పంపుతాయి. పంపినవారి బంధుమిత్రులకు అందుతుంది. ఆ గ్రూపులో లేని వితంతువు కూతురికి అందదు. ఆ అమ్మాయి ఫోనులో "ముస్లిం విద్యార్థినులకు స్కాలర్‌షిప్" అని వెతికితే బొమ్మలో ఉన్న మన ప్రకటన కనపడుతుందన్న నమ్మకం లేదు. యంత్రాలు బొమ్మలను కొంత చదవడం నేర్చినా, నస్తాలీఖ్ పోస్టరును సరిగ్గా చదువుతాయని ధైర్యంగా చెప్పలేము. జకాత్ సొమ్ము అర్హులకు చేరాలంటే ప్రకటన ముందు వారికి దొరకాలి.

కాబట్టి నా మనవి మూడు మాటలు. దుకాణదారులకు: మొదటి స్థానం ఖాయమని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ వారే చెప్తున్నారు. గూగుల్ మ్యాపులో మీ దుకాణం పేరు, చిరునామా, ఫోను, తెరిచే వేళలు మీరే ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. జుమా రోజు మూసే వేళ కూడా రాయండి. డబ్బిచ్చి పొగడ్తలు రాయించకండి.

తల్లిదండ్రులకు: పిల్లలు ఈ కోర్సులో చేరతామంటే వద్దనకండి, కాని ఏమి నేర్పుతారో అడగండి. ఈ ఏటి చిట్కాలు మాత్రమే నేర్పితే రెండేళ్ళకు అవి పాతబడతాయి. చక్కగా రాయడం, భాష, లెక్క, వెబ్‌సైటు తయారీ నేర్పితే చిట్కా మారినా పిల్లవాడికి పని దొరుకుతుంది.

సంఘం కార్యవర్గానికి: ప్రతి ప్రకటనా పోస్టరుతో పాటు అక్షరాలలో కూడా మన సైటులో పెట్టించండి. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో. ఎవరు అర్హులు, ఏ కాగితాలు కావాలి, ఆఖరు తేదీ ఏ సంవత్సరంలో, ఎవరికి ఫోన్ చేయాలి, అంతా అందులో ఉండాలి. గడువు తీరినదానిపై తీరిందని రాయాలి. ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. టైపు వచ్చిన ఇద్దరు పిల్లలు, సరిచూసే ఒక పెద్ద చాలు. ఉర్దూ పాఠాలు సరిచూసే పని నాకు అప్పగించండి, సెలవు రోజుల్లో చేసిపెడతాను.

 అల్లాహ్ మన సంఘం పనిలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలామ్.