పొరుగు పగడాల పోరు



ఇళ్ళలో ఉప్పునీటి తొట్టెలు పెంచుతున్న మన బరంపురంవాళ్ళకి గోపాల్‌పూర్ సముద్రం కూతవేటు దూరంలోనే ఉంది. అయినా గంజాం తీరంలో పగడపు దిబ్బలు లేవు. వానాకాలంలో రుషికుల్య, ఉత్తరాన మహానది తెచ్చిపోసే వరదనీటికి ఒడ్డు దగ్గర ఉప్పు పలచబడుతుంది. బురద వల్ల వెలుతురు లోపలికి దిగదు. దిబ్బలు కట్టే పగడాలకి నిలకడైన ఉప్పు, ఎండ రెండూ కావాలి. అందుకే అవి చూడాలంటే అండమాన్‌కో, లక్షద్వీప్‌కో, మన్నార్ సింధుశాఖకో, కచ్ సింధుశాఖకో పోవాలి. తొట్టె కోసం గోపాల్‌పూర్ నీళ్ళు డబ్బాలతో మోసుకురావద్దని నేను చెప్పేది కూడా ఇందుకే. ఆర్‌ఓ నీళ్ళలో ఆక్వేరియం ఉప్పు కలుపుకుని, హైడ్రోమీటర్ మీద 1.025 దగ్గర నిలబెట్టుకోండి.

ఇక అసలు విషయం. తొట్టెలు పెంచేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "నీళ్ళు పరీక్ష చేయిస్తే అన్నీ సరిగానే ఉన్నాయండీ, లైటు మంచిదే. మరి రెండు పగడాల్లో ఒకటి ఎందుకు ముడుచుకుపోతోంది?" చాలాసార్లు దానికి జవాబు పక్కనున్న రెండో పగడమే.

పగడం కదలలేని జంతువు. అంటుకున్న చోటే బతకాలి కాబట్టి చోటు కోసం పోరాడి తీరాలి. ఈ పోరు ఎలా జరుగుతుందో మొదట వివరంగా చూపినవారిలో జూడిత్ లాంగ్ ముఖ్యురాలు. జమైకా దిబ్బల మీద పనిచేసి, 1971లో ఆమె తన పరిశీలనలు అచ్చువేశారు. రెండు జాతుల గట్టి పగడాలు ఒకదానికొకటి తగిలితే, ఒకటి తన కడుపులోని సన్నని పోగులను బయటికి వదిలి, పక్కదాని కండను అక్కడికక్కడే జీర్ణం చేసేస్తుంది. ఏ జాతి ఏ జాతిని గెలుస్తుందన్నదానికి కూడా ఒక వరస ఉందని ఆమె తేల్చారు. ఇది కాక, కొన్ని జాతులు మామూలు స్పర్శకాలకంటే ఎన్నోరెట్లు పొడవైనవాటిని పెంచుకుని, చుట్టుపక్కలవాటిని కుడుతూ చెర్నాకోలల్లా ఆడిస్తాయి. గెలాక్సియా అనే పగడానికి ఇవి ఒక అడుగు దాకా సాగుతాయి. ఎక్కువగా రాత్రిళ్ళు బయటికొస్తాయి గనక పగలు చూసి దూరం కొలిస్తే ఆ కొలత తప్పుతుంది.

చాలా విదేశీ పుస్తకాలు ఈ కుట్టుడు పోరు గురించే ఎక్కువ చెబుతాయి. పగడానికీ పగడానికీ ఇన్ని అంగుళాలు వదలండి, సరిపోతుంది అంటాయి. మన దగ్గర లెక్క వేరు. 2001లో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాలనీ, సముద్రపు విసనకర్రల్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. షోకేసులో పెట్టుకునే ఎండు పగడపు ముక్కకి కూడా ఆ చట్టం వర్తిస్తుంది. ఇది నూటికి నూరుపాళ్ళూ సరైన చట్టమని నా నమ్మకం. దుకాణంవాడు "ఏం ఫరవాలేదు సార్, అందరూ కొంటున్నారు" అన్నా సరే కొనకండి. తొట్టెలో రాళ్ళు కూడా పగడపువి కాకుండా సిరామిక్‌తో చేసినవే పెట్టుకోండి.

అంటే మన ఇళ్ళలో పెరగాల్సినవి మెత్తని పగడాలు: లెదర్ కోరల్, జీనియా. వాటికి తోడు పగడాల దగ్గరి చుట్టాలు మష్రూములు, జోయాంథిడ్లు. లెదర్ కోరల్‌కి కుట్టే శక్తి బాగా తక్కువ. ఆ లోటును అది రసాయనాలతో పూడ్చుకుంటుంది. దాని ఒంట్లో తయారయ్యే టెర్పీన్లు చేపలు కొరక్కుండా కాపాడతాయి, నీళ్ళలోకి జారి పక్కవాటి పెరుగుదలనీ ఆపుతాయి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1980లలో జరిగిన ప్రయోగాల్లో, ముట్టుకోకుండానే మెత్తని పగడాలు పక్కనున్న గట్టి పగడాలకు హాని చేయడం కనిపించింది. సముద్రంలో ఆ విషం అలలకి కొట్టుకుపోతుంది. మన తొట్టెలో అవే నీళ్ళు పంపులోంచి తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే వస్తాయి. ఎంత దూరం వదిలితే మాత్రం ఏం లాభం? గంజాం తొట్టెలకి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే: మన పోరు నీళ్ళలో ఉంది, దాన్ని నీళ్ళలోనే తీర్చాలి.

లెదర్ కోరల్‌ని దగ్గరగా చూడండి. ఉన్నట్టుండి ఒకరోజు పాలిప్పులన్నీ లోపలికి లాక్కుని, పైన మైనం పూసినట్టు మెరుస్తుంది. కొన్ని రోజులు అలాగే ఉండి, ఆ పొరను ఊడదీసి వదిలేస్తుంది. చచ్చిపోయిందనుకుని చాలామంది కంగారుపడతారు. చావలేదు, ఒంటి మీది నాచునీ మురికినీ వదిలించుకుంటోంది. ఆ రోజుల్లో దాని వైపు నీటి ఉరవడి పెంచండి, ఊడిన పొరను సైఫన్‌తో తీసేయండి, యాక్టివేటెడ్ కార్బన్ కొత్తది వేయండి.

ఈ కార్బనే మన ప్రధాన ఆయుధం. కడిగి సంచిలో పోసి, నీళ్ళు దానిలోంచి పారేలా పెట్టాలి, నెలకోసారైనా మార్చాలి. ఇంతకుముందు ఎప్పుడూ వాడనివాళ్ళు కొంచెంతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా నీళ్ళు తేటపడితే లైటు ఘాటు పెరిగి పగడాలు తెల్లబడే ప్రమాదముంది. దీనికి తోడు ప్రోటీన్ స్కిమ్మర్, వారానికి పదో వంతు నీళ్ళు మార్చడం తప్పనిసరి. వీటన్నిటికంటే ముందు, కొనేటప్పుడే చేయి బిగపట్టుకోవాలి. పది రకాలు ఒక్కొక్కటి తెచ్చేకంటే రెండు మూడు రకాలు గుంపుగా పెంచిన తొట్టె ఎక్కువకాలం ఆరోగ్యంగా ఉంటుంది.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మనం ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు తెలుసు. పంపు ఆగితే కార్బన్ పనిచేయదు, విషం ఉన్నచోటే నిలుస్తుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు తుపాను హెచ్చరిక రాకముందే ఇంట్లో ఉండాలి.

పాకే రకాలకీ, కుట్టే రకాలకీ మాత్రం దూరం పనికొస్తుంది. జీనియా ఒక రాయి మీదినుంచి ఇంకో రాయికి పాకుతుంది గనక దాని రాయిని ఇసుకలో విడిగా పెట్టండి. రోడాక్టిస్ అనే మష్రూము అంచున స్పర్శకాలు ఉబ్బించి పక్కవాటిని చంపేస్తుంది. దాన్ని ఒంటరిగానే ఉంచాలి. జోయాంథిడ్లు కత్తిరించేటప్పుడు చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే అతి ఘోరమైన విషం ఉంటుంది. అవి పెరిగిన రాళ్ళను వేడినీళ్ళలో ఉడకబెట్టడం ఎప్పుడూ చేయకండి, ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలున్నాయి.

ఆఖరుగా ఒక్క విన్నపం. వెనిజువెలా తీరంలో యూనోమియా అనే మెత్తని పగడం ఇప్పుడు అక్కడి సొంత పగడాలను కప్పేసి చంపుతోంది. అది ఇండో పసిఫిక్ సముద్రాలది, ఆక్వేరియం వ్యాపారం ద్వారానే అక్కడికి చేరిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మీ తొట్టెలో పెరిగిపోయిన ముక్కల్ని తోటి పెంపకందారుకి ఇవ్వండి, లేదా బాగా ఎండబెట్టి పారేయండి. గోపాల్‌పూర్ సముద్రంలోనో, చిలికాలోనో మాత్రం ఒక్క ముక్క కూడా వదలకండి.