లాటరీ లేఖల మోసము

గత సంవత్సరము మాకొక ఈమెయిలు వచ్చెను. లాటరీలో 25 లక్షల రూపాయలు గెలిచితిమని అందుండెను. చీటి కొననివానికి బహుమాన మెక్కడిదని యోచింపక, పన్ను నిమిత్తమని వారడిగిన 18,000 రూపాయలు పంపితిమి. పిదప ఇంకను అడిగిరి. నలుబదేండ్లు బాలురకు శబ్దములు వల్లెవేయించిన మాకే యీ గతి పట్టెను. సిగ్గుచే పది దినములు ఇంట చెప్పమైతిమి; ఆలోగా సొమ్ము చేతులు మారిపోయెను.

కావున వినుడు. విత్తు నాటని చేనికి పంట లేదు. ధనరూపమగు లాటరీ బహుమానముపై పన్నును ఇచ్చువారే మినహాయింతురు. ముందుగా పంపుమని అడుగరు. విదేశపు లాటరీలో పాల్గొనుటకై సొమ్ము పంపుట 1999 నాటి విదేశ మారకద్రవ్య చట్టముచే నిషిద్ధము. తొందరపెట్టుట, రహస్యముగా నుంచుమనుట, ఓటీపీ అడుగుట మోసపు లక్షణములు. మోసపోయినచో తత్‌క్షణమే 1930కి ఫోను చేయుడు. మోసగించినవానికి లేని సిగ్గు మోసపోయినవారికేల?