తోడబుట్టినవారు లేని బిడ్డ
(మడికొండలో తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ మెట్టుగుట్ట నీడన ఒకప్పుడు ఇంటికి నలుగురైదుగురు పిల్లలుండుట సామాన్యము. నేడు ఇద్దరు, లేదా ఒక్కరే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి తెలంగాణలో ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానము 1.8 మాత్రమే. అందుచే తల్లులకు కలుగు దిగులు ఒకటున్నది: “మాకు ఒక్కడే కొడుకు. తోడు లేని వానికి నలుగురిలో మెలగుట ఎట్లు తెలియును?”

తన కోపతాపములను గుర్తించి అదుపులో నుంచుకొనుటకును, ఎదుటివారి మనస్సు నెరిగి నడచుకొనుటకును శాస్త్రజ్ఞులు ఉద్వేగ ప్రజ్ఞ యని పేరిడిరి. 1990లో సాలొవే, మేయర్ అను అమెరికా మనస్తత్వవేత్తలు దీనిని వివరించిరి. 10 మొదలు 19 ఏండ్ల వరకు గల కౌమారమున దీని అవసరము మెండు. ఆ వయస్సున ఆవేశము ముందు నడచును, ఆలోచన వెనుక వచ్చును.

తోబుట్టువులున్న ఇంట పిల్లలు దీనిని ఆటలోనే నేర్తురు. ఒక సీతాఫలము కొరకు ఉదయము తగవు, సాయంకాలమునకు రాజీ. మరి ఒంటరి బిడ్డ మాటేమి? అమెరికాలో 2004లో వెలువడిన ఒక పరిశోధనలో ఐదారేండ్ల ఒంటరి బిడ్డలు తోటివారితో మెలగుటలో కొంత వెనుకబడియుండిరి. కాని 2013లో ప్రచురితమైన మరియొక పరిశోధనలో, 13 వేలకు పైగా కౌమార విద్యార్థులను పరిశీలింపగా, స్నేహితులను సంపాదించుకొనుటలో భేదము కానరాలేదు. తోటివారితో కలిసి మెలగుచు పిల్లలు ఆ నేర్పు నలవరచుకొందురని మనము గ్రహింపవలెను.

తోబుట్టువులున్నంత మాత్రమున ఈ గుణము అబ్బదు. “అన్నను చూచి బుద్ధి తెచ్చుకొమ్ము” అని నిత్యము పోల్చు ఇంట అసూయయే పెరుగును. తమ్ముళ్లను సాకు పెద్దకూతురి దుఃఖమును అడుగువారే యుండరు.

కావున చేయదగినవి కొన్ని కలవు. మన భాషలో పెదనాయన, చిన్నాయన పిల్లలు కూడ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. బతుకమ్మ సెలవులకు వారిని పిలిపించి కలిసి యుండనిండు. చిన్న తగవులలో వెంటనే తీర్పు చెప్పకుడు, వారినే తేల్చుకొననిండు. “మగపిల్లవాడవు, ఏడ్వకుము” అనకుడు, “అవమానమైనదా? భయమైనదా?” అని అడుగుడు. మీరు పొరబడినపుడు బిడ్డ ఎదుట ఒప్పుకొనుడు.

పరీక్షాఫలితములు వచ్చిన నాడు మరింత జాగ్రత్త అవసరము. తప్పిన బిడ్డను మార్కులడుగుటకు ముందు చెంత కూర్చుండబెట్టుకొనుడు. బిడ్డ అన్నము మాని, నిద్ర మాని, మౌనము వహించినచో తిట్టకుడు, ఉపేక్షింపకుడు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేయుడు. ఏ వేళనైనను ఉచితముగా సలహా లభించును. తెలుగులోనే మాటలాడవచ్చును.

ఒక్క బిడ్డయైనను, నలుగురైనను, తన మనస్సులోని మాట నిర్భయముగా చెప్పుకొను ఇల్లు ఆ బిడ్డకు కావలెను. నేటి రాత్రి భోజనము వేళ చదువు మాట కాసేపు పక్కనుంచి, “ఈనాడు నీ మనస్సెట్లున్నది?” అని అడుగుడు. చెప్పినది పూర్తిగా వినుడు.