కప్పు కొలత – త్రాసు తూకము

గత వేసవిలో మా అక్కగారి కుమార్తె పిల్లవానితో అమెరికా నుండి మా యింటికి వచ్చినది. వచ్చిన మరునాడే వాని పుట్టినరోజు. అక్కడ ఏటేటా చేయు చీజుకేకు ఈసారి అత్తయ్య చేయవలెనని కోరి, వివరము ముందుగానే వ్రాసి పంపినది: నాలుగు కప్పుల మెత్తని చీజు, ఒక కప్పు పంచదార, నాలుగు కోడిగ్రుడ్లు. మా యింటావిడ కాఫీ కప్పుతో శ్రద్ధగా కొలిచి చేసినది. తీరా చూడగా అది గ్రుడ్డు వాసన కొట్టుచు, అట్టువలె బిరుసెక్కియున్నది. పిల్లవాడు ఒక ముక్క కొరికి ప్రక్కన పెట్టెను. ఆమె చిన్నబోయి, "నా చేతికి ఈ వంట పట్టుబడదు" అన్నది.

లోపము ఆమె చేతిది కాదు, కప్పుది. అమెరికా వంటగ్రంథములలో కప్పనగా సుమారు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాలో 250. మా కాఫీ కప్పులో నీరు పోసి తూచగా 150 గ్రాములు తూగినది. ఒక మిల్లీలీటరు నీరు ఒక గ్రాము గనుక, ఆ కప్పు 150 మిల్లీలీటర్లదని తేలినది. అన్నియు ఆ కప్పుతోనే కొలిచినచో పాళ్లు చెడకుండెడివి. కేకు మాత్రము చిన్నదయ్యెడిది. కాని కోడిగ్రుడ్లను కప్పుతో కొలువము గదా! కప్పు చిన్నదైనను అవి నాలుగే. కావుననే చీజు తగ్గి, గ్రుడ్ల పాలు మిక్కుటమైనది.

కప్పు పరిమాణము తెలిసినంత మాత్రమున చిక్కు తీరదు. కప్పు కొలుచునది చోటును. త్రాసు తూచునది పదార్థమును. ఒక అమెరికా కప్పు క్రీము చీజు సుమారు 230 గ్రాములు తూగును. రికోటా 245, కాటేజి చీజు 225 గ్రాముల వరకు ఉండును. పొడిచేసిన ఫెటా చీజు 150 గ్రాములే. దాని ముక్కల నడుమ గాలి యున్నది. గిలకొట్టి అమ్ము క్రీము చీజు కూడ గాలి చేరుటచే మూడింట రెండువంతుల బరువే తూగును. నీరు వడకట్టని చీజులో కొంత బరువు నీటిదే.

మరియొక చిక్కు ఔన్సుది. తూకపు ఔన్సు 28.35 గ్రాములు, ద్రవపు ఔన్సు 29.57 మిల్లీలీటర్లు. ఎనిమిది ఔన్సుల క్రీము చీజు పెట్టె, అనగా 227 గ్రాములు, దాదాపు ఒక కప్పునకు సరిపోవును. ఈ సామ్యమును ఫెటాకు పట్టించినచో మోసపోదుము.

అమెరికాలో 1896లో వెలువడిన ఫానీ ఫార్మర్ వంటగ్రంథము పైభాగము చదునుచేసి కొలుచు కప్పులకు, చెంచాలకు విశేష ప్రచారము తెచ్చినది. పిండి, పంచదార వంటివాటికి అది చక్కని పద్ధతియే. మన పెద్దలు సైతము బియ్యమును సోలతోను తవ్వతోను కొలిచిరి. బెల్లము, చింతపండు మాత్రము వీశెలతో తూచిరి. ధారగా జారునది కొలతకు లొంగును. ముద్దగా అంటుకొనునది తూకమునకే లొంగును. మెత్తని చీజు ఈ రెండవ తెగకు చెందినది.

కావున గృహిణులకు నా మనవి. వంటయింట చిన్న త్రాసు ఉంచుకొనుడు. విదేశపు వంట చేయునపుడు కప్పులను గ్రాములలోనికి మార్చి, ఆ కాగితముపైననే వ్రాసికొనుడు. త్రాసు లేనిచో పెట్టెమీది తూకమును నమ్ముడు: 200 గ్రాముల ముద్దను నాలుగు సమభాగములు చేసిన ఒక్కొక్కటి 50 గ్రాములు. చెంచాతో వేయునపుడు, 15 మిల్లీలీటర్ల చెంచాడు క్రీము చీజు సుమారు 15 గ్రాములు.

పిల్లవాడు తిరుగు ప్రయాణమగుటకు రెండు దినములు ముందు మా యింటావిడ 920 గ్రాముల చీజు తూచి, పంచదారను కూడ సరియైన కొలతకు మార్చి, కేకు మరల చేసినది. వాడు రెండవ ముక్క అడిగెను. ఆమె నావైపు చూచి నవ్వినది.