కాగితములు లేని కారు

(సాంస్కృతిక సమితి సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



కలకత్తా ఎల్గిన్ రోడ్డునందలి నేతాజీ భవనములో వాండరర్ అను జర్మను కారు ఒకటి కలదు. 1941 జనవరి 16, 17 తేదీల నడిమిరేయి, గృహనిర్బంధములో నున్న సుభాష్ చంద్ర బోసు పోలీసుల కన్నుగప్పి వెడలిపోయినది ఈ కారులోనే. అన్నకుమారుడు శిశిర్ కుమార్ బోసు దానిని నడిపెను. గోమో స్టేషనులో సుభాష్ బాబు రైలెక్కెను. 2017లో ఆ కారును బాగుచేయించి నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీచే ఆవిష్కరింపజేసిరి. దాని పలకపై నేటికిని బి.ఎల్.ఎ. 7169 అను సంఖ్య కనబడును.

ఇనుము, రబ్బరు, గాజు ఎన్నిమార్లు మారినను, ఫలానా కారు ఇదియేయని చెప్పునది ఆ సంఖ్యయు, ఆ సంఖ్యను వ్రాసికొన్న పుస్తకమును. ఇదే నగరములో సంఖ్య ఉండియు పుస్తకము లేని కార్లు కలవు. పుస్తకము ఉండియు అందు పేర్కొనబడిన మనిషి లేని కార్లు కలవు. నేటి ప్రసంగము వానిని గూర్చినది.

హుగ్లీ ఒడ్డున ఉత్తరపారా కర్మాగారములో 1950వ దశాబ్దపు చివరి నుండి 2014 మే వరకు అంబాసిడరు కారు తయారయ్యెను. బదిలీపై ఈ నగరమునకు వచ్చిన తెలుగు ఉద్యోగి ఒకడు అట్టి కారును కొనెననుకొందము. మూడు నాలుగేండ్లకు మరల బదిలీ. కారును వెంట గొనిపోవుట వ్యయము. ప్రక్క గదిలోని సహోద్యోగి కొనుటకు సిద్ధము. సొమ్ము చేతులు మారును, తాళపు చెవులు చేతులు మారును, సంతకములు మాత్రము "తరువాత పంపెదను" అను మాటపై నిలిచిపోవును. నోటి మాట నీటి మూట. అట్లు రెండు మూడు చేతులు మారిన పిదప, మొదటి యజమాని విశాఖపట్టణములోనో హైదరాబాదులోనో పింఛను పుచ్చుకొనుచు ఆ కారునే మరచిపోవును. కడపటి యజమాని కాలము చేసినచో ఆయన భార్యకు మిగులునవి వాకిట ఒక కారు, బీరువాలో కొన్ని ఇన్సూరెన్సు రసీదులు. అమ్మబోయిన కొనువారు లేరు. తుక్కునకు వేయబోయినను రిజిస్ట్రేషను పత్రము చూపుమందురు.

ఆ కారు ఎవరిది? ఈ ప్రశ్నకు చట్టము రెండు సమాధానములు చెప్పును. రెంటిని విడివిడిగా గ్రహింపనిదే దారి దొరకదు.

మొదటిది 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము చెప్పునది. కారు చరాస్తి. అమ్ముటకు, కొనుటకు ఉభయులు సమ్మతించి, సొత్తు ఎప్పుడు మారవలెనని వారు ఉద్దేశించిరో అప్పుడే అది కొన్నవానిదగును. భూమికి వలె రిజిస్టరు దస్తావేజు అక్కరలేదు. నోటిమాటతోనైనను విక్రయము చెల్లును. అమెరికాలో కారు హక్కునకు ఒక పత్రము, రోడ్డుపై నడుపుటకు మరియొక పత్రము వేరువేరుగా నుండును. భారతదేశమున అట్టి ప్రత్యేక హక్కుపత్రము లేదు. ఉన్నది రిజిస్ట్రేషను పత్రమొక్కటియే. అది హక్కునకు బలమైన సాక్ష్యమే గాని, హక్కును పుట్టించునది కాదు. ఇంగ్లండులో సర్కారు ఇచ్చు కారు పత్రము మీదనే, ఇది యాజమాన్యమునకు ఋజువు కాదని అచ్చువేసి యుందురు.

రెండవ సమాధానము 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము చెప్పునది. దాని దృష్టిలో యజమాని యనగా ఎవరి పేర వాహనము నమోదైనదో ఆ వ్యక్తియే. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తీర్పు చెప్పిన ఒక వ్యాజ్యములో, 2007లో విక్రయింపబడిన కారు వరుసగా పలు చేతులు మారెను. రిజిస్ట్రేషను మాత్రము మొదటివాని పేరనే ఉండెను. 2009లో ఆ కారును వెనుకకు నడుపుచుండగా ప్రమాదము జరిగి ఒకరు మరణించిరి, ఒకరు గాయపడిరి. నష్టపరిహారము చెల్లించు బాధ్యత, ఏనాడో అమ్మితినన్న ఆ మొదటి యజమానిదేయని న్యాయస్థానము నిర్ణయించెను. బాధితుడు చేతులు మారిన వరుసనంతయు వెదకికొనుచు తిరుగజాలడని అందలి న్యాయము. కనుక పత్రము మార్పించుకొనుట కొన్నవాని సౌకర్యము కొరకు మాత్రమే కాదు. అమ్మి వెడలిపోయిన మిత్రుని మెడపై వ్రేలాడు కత్తిని తొలగించుటయు అదియే. దారిన పోవు అపరిచితునకు జవాబుదారి ఎవరో తెలుపుటయు అదియే.

ఇక మార్గము. హక్కు ఋజువు కావలెనన్న చేతులు మారిన గొలుసును వెనుకకు కట్టుకొనుచు పోవలెను.

మొదట కారునే చదువవలెను. ఛాసిస్ సంఖ్యను తుడిచి, దానిపై కాగితమునుంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసికొనవలెను. ఇంజను సంఖ్యను కూడ వ్రాసికొనవలెను. పార్కు స్ట్రీటు చేరువనున్న మల్లిక్ బజారులో పాత మోటారు భాగములు అమ్ముదురని కలకత్తావాసులెల్లరు ఎరుగుదురు. అచ్చట కొన్న ఇంజను బిగింపబడియున్నచో సంఖ్య పుస్తకముతో సరిపోదు. అది దొంగతనమునకు గుర్తు కానక్కరలేదు. కాని ఇంజను మార్పును నమోదు చేయింపవలెనని చట్టపు 52వ సెక్షను చెప్పుచున్నది. ఆ కొనుగోలు బిల్లు దొరికిన పదిలపరుపవలెను.

రెండవది ఇంటిలోని కాగితములు. పాత ఇన్సూరెన్సు పాలసీలు, రోడ్డు పన్ను టోకెన్లు, మరమ్మతు బిల్లులు, అమ్మినవాని ఉత్తరము, సంఖ్య కనబడు కుటుంబ ఛాయాచిత్రము, ఇవన్నియు సాక్ష్యములే. ఒక వస్తువు ఎవని స్వాధీనములో నున్నదో వాడు యజమాని కాడని వాదించువానిపైననే ఋజువు భారముండునని 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టము చెప్పెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమును ఈ సూత్రమును నిలిపినది. ఉండవలసినచోట భద్రముగా నుండి ముప్పదియేండ్లు నిండిన పత్రముపై సంతకము నిజమైనదేయని న్యాయస్థానము భావింపవచ్చును. బీరువాలోని పసుపు పచ్చని ఉత్తరమును పారవేయరాదనుటకు కారణమిదియే.

మూడవది రిజిస్టరు చేసిన కార్యాలయము. కలకత్తా కార్లకు బేల్తలాలోని పబ్లిక్ వెహికిల్స్ డిపార్టుమెంటు ప్రసిద్ధము. పత్రము పోయినదని పోలీసు స్టేషనులో డైరీ వ్రాయించి, నమోదైన యజమాని ఫారము 26తో నకలు పత్రమునకు దరఖాస్తు చేయవచ్చును. కారు దొంగసొత్తుగా నమోదైనదేమో నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వారి వాహన్ సమన్వయ్ ద్వారా విచారించుట అవశ్యకము. దొంగసొత్తును పదిమంది వరుసగా వెలపెట్టి కొన్నను పదవవానికి హక్కు రాదు. తనకు లేని హక్కును ఎవడును ఇతరునకు ఇయ్యజాలడు.

నాలుగవది నమోదైన యజమాని. ఆయన జీవించియున్నచో ఉత్తరము వ్రాసి, ఫారములు 29, 30 మీద సంతకములు చేయించుకొనుటకన్న సులభమార్గము లేదు. ఆయన మరణించినచో వారసులు ఫారము 31తో తమ పేర మార్పించుకొని, పిదప కొన్నవారికి బదలాయింపవలెను. ఇచ్చట ఒక పొరపాటు తరచుగా జరుగును: సక్సెషన్ సర్టిఫికెట్టు కొరకు కోర్టుకు పరుగెత్తుట. 1925వ సంవత్సరపు వారసత్వ చట్టము క్రింద ఆ సర్టిఫికెట్టు బాకీలకును సెక్యూరిటీలకును ఉద్దేశింపబడినది, కారునకు కాదు. మరణ ధ్రువపత్రము, వారసులెవరో తెలుపు పత్రము, ఇతర వారసుల సమ్మతి ఇచ్చట పనికివచ్చును.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు మరియొక ముడి కలదు. పూర్వము ఉద్యోగులకు మోటారు కారు అడ్వాన్సు లభించెడిది. ఏడవ వేతన సంఘము సిఫారసుపై 2016లో అది నిలిచిపోయినది. అడ్వాన్సుతో కొన్న కారును బాకీ తీరువరకు భారత రాష్ట్రపతి పేర తాకట్టు వ్రాసి ఇయ్యవలసియుండెను. జీతము నుండి కడపటి వాయిదా కోతపడిన నాడు బాకీ తీరినను, తాకట్టు రద్దుపత్రము అడిగి తెచ్చుకొననివారు కలరు. పుస్తకములో ఆ గుర్తు ఉన్నంతకాలము బదలాయింపు సాగదు. అట్టివారు పూర్వపు కార్యాలయపు లెక్కల శాఖ నుండి బాకీ లేదను లేఖ పొంది, ఫారము 35తో ఆ గుర్తును తొలగించుకొనవలెను.

ఇన్ని ద్వారములును మూసికొనియున్నచో, అనగా మొదటి యజమాని జాడ తెలియక, హక్కును కాదనువారు ఎదురైనచో, న్యాయస్థానము కలదు. 1963వ సంవత్సరపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టపు 34వ సెక్షను క్రింద హక్కును ప్రకటింపుమని దావా వేయవచ్చును. కాని అట్టి డిక్రీ దావాలోని కక్షిదారులను, వారి ద్వారా హక్కు చెప్పుకొనువారిని మాత్రమే కట్టివేయునని 35వ సెక్షను హెచ్చరించుచున్నది. ఎవరిని ప్రతివాదులుగా చేర్చవలెనో ముందుగా న్యాయవాదితో ఆలోచింపవలెను. నోటరీ ఎదుట చేసిన అఫిడవిట్టు ఒక్కటి చాలునని చెప్పు బ్రోకర్ల మాట నమ్మదగినది కాదు. అఫిడవిట్టు చెప్పువాని ప్రమాణమే గాని, ఇతరుల హక్కును హరింపజాలదు.

మునుపటి రిజిస్ట్రేషను వివరములు తెలుపకున్నను, తప్పుగా తెలిపినను, దొంగసొత్తని అనుమానమున్నను నమోదును నిరాకరించు అధికారమును 45వ సెక్షను ఇచ్చుచున్నది. అట్టి ఉత్తరువుపై 30 దినములలోపల అప్పీలు చేసికొనవచ్చును. అందుచేత నోటిమాటగా త్రిప్పి పంపివేయుదురేని, నిరాకరణను కారణములతో వ్రాతమూలముగా కోరుట మేలు.

యాబదియేండ్లు దాటిన కార్లకు 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక నియమములు ప్రకటించినది. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్దమార్పులు లేని స్వంత వాహనమును వింటేజి వాహనముగా నమోదు చేయింపవచ్చును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 ఏండ్లు. ర్యాలీలకును, ప్రదర్శనలకును, మరమ్మతునకును, పెట్రోలునకును తప్ప నిత్యవాడుకకు అట్టి కారును రోడ్డెక్కింపరాదు. స్టేట్స్‌మన్ పత్రిక ఈ నగరమున నిర్వహించు పాతకార్ల ర్యాలీని చూచి ముచ్చటపడినవారికి ఇది శుభవార్తయే. అయినను, లోగడ ఈ దేశమున నమోదైన కారునకు పాత పత్రమును, దిగుమతియైన దానికి కస్టమ్సు బిల్లును ఆ నియమములు కూడ అడుగుచున్నవి. గొలుసును కట్టుకొను శ్రమ తప్పదు.

శ్రమ తప్పించుకొను దొడ్డిదారులు అన్ని దేశములందును కలవు. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున చిరకాలము పదునైదేండ్లు దాటిన కార్లకు హక్కుపత్రము అడుగకయే రిజిస్ట్రేషను ఇచ్చుచుండగా, పరరాష్ట్రములవారు తపాలా ద్వారా దానిని పొందుచుండిరి. 2023లో ఆ వెసులుబాటును బిగించిరి. ఇచ్చటి దొడ్డిదారి అంతకన్న నీచమైనది: తుక్కైన కారు సంఖ్యను కోసి మరియొక కారునకు అతికించుట. దొరికితే దొంగ, దొరకకపోతే దొర యను సామెతను నమ్ముకొన్నవారు అట్లు చేయుదురు. అది ఫోర్జరీ నేరము. అట్టి కారు ప్రమాదమునకు గురియైన దినమున ఇన్సూరెన్సు కంపెనీయు నిలువదు, పిల్లలకు మిగులునది కేసు మాత్రమే.

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? అమ్మువాడు అదే రాష్ట్రములోనైన 14 దినములలోపల రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలోపల తన పేర మార్పించుకొనవలెను. కారును ఆంధ్రదేశమునకో తెలంగాణకో తరలించువారు ఫారము 28తో అభ్యంతరము లేదను పత్రమును బయలుదేరుటకు ముందే పొందవలెను. 2021 నుండి యజమాని తన అనంతరము వాహనము ఎవరికి చెందవలెనో ఆ వ్యక్తి పేరును పత్రములోనే నమోదు చేయించుకొను వీలును కలిగినది. ఒక సంతకముతో ముగియు పని యది.

నిజాం ప్యాలెసులోనైనను, బిధాన్‌నగరపు కార్యాలయములలోనైనను, తెలుగు ఉద్యోగి దినమంతయు ఇతరుల ఫైళ్లలో లోపించిన కాగితమును వెదకి, లేనిదే సాగదని వ్రాయుచుండును. అట్టివాడు సాయంకాలము ఇల్లు చేరి, తన కారు పత్రముపై ఎవరి పేరున్నదో ఒక్కమారు చూచుకొనిన చాలును. తన పేరు లేనిచో, ఆ పేరుగలవాడు ఇంకను ఉత్తరమందుకొనగల స్థితిలో నున్న ఈ దినమే జాబు వ్రాయదగిన దినము.