నూతన దంతవైద్యశాల: నేల మూయక మునుపు యోచింపవలసిన యంత్రసాధనములు

(వార్షిక మహాసభయందలి యుపన్యాస పాఠము)



సంస్కృతము చెప్పి పింఛను పుచ్చుకొనుచున్న పంతుళ్లకు దంతవైద్యశాలలోని యంత్రములతో నేమి పనియని మీలో గొందఱనుకొనవచ్చును. పని కలదు. మాయొద్ద శబ్దమంజరి వల్లించిన పిల్లలలో గొందఱు నేడు బి.డి.యస్. పట్టము పొంది, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీథులలో సొంత వైద్యశాల తెఱువ గోరుచున్నారు. అందులకై తండ్రి కట్టిన యిల్లు కుదువ పెట్టవలసి వచ్చుచున్నది. మన సంఘ విద్యానిధివైపు గూడ వారు చూచుచున్నారు. కావున నిది యొక్క వైద్యుని సొంత లెక్క గాక మనయందఱి లెక్కయు నైనది.

మనువు వ్యవహారపదములు పదునెనిమిది యని చెప్పుచు, మొదట ఋణాదానమును, రెండవదిగా నిక్షేపమును లెక్కించెను. ఋణమనగా నప్పు. నిక్షేపమనగా నొకరు నమ్మి మనయొద్ద దాచిన సొత్తు. నూతన వైద్యశాలకు నీ రెండును దలుపు తెఱచిన దినముననే సంప్రాప్తమగును. అప్పు బ్యాంకుది. నిక్షేపము రోగిది: అతని పంటి ఎక్స్‌రే, వ్యాధి చరిత్ర, ఫోను సంఖ్య, చెల్లించిన సొమ్ము లెక్క. యంత్రసామగ్రిని గూర్చిన యోచన యంతయు నీ రెంటిని రక్షించునట్లుండవలయునని మా మనవి.

సుశ్రుతుడు శల్యచికిత్సకు 101 యంత్రములను, 20 శస్త్రములను జెప్పెను. ఆ శస్త్రములలో దంతశంకు వొకటి. యంత్రములన్నిటిలో హస్తమే ప్రధానమనియు, అది లేనిచో దక్కినవి పనికిరావనియు నాతని మతము. ఇప్పటికిని హస్తమే ప్రధానము. అయిన నా హస్తము నేడు గాలికి, నీటికి, విద్యుత్తునకు గట్టుబడి యున్నది. 1871లో అమెరికాయందు మోరిసన్ అనునాతడు పేటెంటు పొందిన పంటి తొలుచు యంత్రమును వైద్యుడు కాలితో ద్రొక్కి నడపుచుండెను. 1957లో గాలితో దిరుగు ఎయిరోటర్ వచ్చినది. అది నిమిషమునకు 3,00,000 పైచిలుకు చుట్లు తిరుగును. కంప్రెసర్ నిలిచిన నదియు నిలుచును. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌కిరణములను గనుగొనిన కొలది వారములకే పంటికి ఛాయాచిత్రము తీయబడినది. 1987 మొదలు ఫిల్ము లేకుండ సెన్సారుతో దీసి తెరపై జూచు పద్ధతి ప్రవేశించినది. ఇట్లు వైద్యుని పని క్రమముగా కంటికి గానరాని తీగెలలోనికిని, గొట్టములలోనికిని బోయినది.

ఇచ్చటనే మన పిల్లలు తడబడుదురు. అప్పు చేతికి రాగానే మెఱయు కుర్చీని, పెద్ద ఎక్స్‌రే యంత్రమును ముందుగా గొందురు. కుర్చీ వచ్చిన పిదప దానికి గాలి గొట్టము, నీటి గొట్టము, మురుగు గొట్టము, సక్షన్ గొట్టము, విద్యుత్తు, కంప్యూటరు తీగె, ఈ యాఱును నేల క్రిందినుండి రావలయునని తెలియును. అప్పటికి నేలకు పలకలు పఱచియుందురు. వానిని బగులగొట్టి మరల వేయుటకయ్యెడు వ్యయము బ్యాంకు ఒప్పుకొనిన లెక్కలో నుండదు. కావున కుర్చీ నమ్మువాని యొద్దనుండి యమరిక పటమును ముందే తెప్పించుకొని, నేల మూయక మునుపే గొట్టములు వేయింపవలయును. నేడొక కుర్చీయే యున్నను, రెండవదానికి గూడ నప్పుడే గొట్టములు వేసి మూతలు బిగించి యుంచుట మేలు.

విద్యుత్తు విషయమున మూడు మాటలు. మొదటిది ఎర్తింగు. అది సరిగా లేనిచో రోగి కూర్చున్న కుర్చీకే ప్రమాదము. సున్నితమైన సెన్సారులును జెడును. రెండవది, కంప్రెసర్‌కును, ఆటోక్లేవుకును వేర్వేఱు తీగెలు. ఆటోక్లేవు 121 లేక 134 డిగ్రీల యావిరితో పనిముట్లను శుద్ధి చేయును. దాని కరెంటు వాడకము పెద్దది. మూడవది, కరెంటు పోయినప్పుడు సగము తొలిచిన పంటితో రోగి కూర్చుండకుండ దగిన యేర్పాటు. కంప్యూటరుకు, దీపమునకు చిన్న యూపీయస్ చాలును. కంప్రెసర్ నడువవలెనన్న దానికి దగిన జనరేటరో, పెద్ద ఇన్వర్టరో యుండవలయును. ఈ లెక్క నెఱిగిన ఎలక్ట్రీషియనుచేత వ్రాయించి, వైద్యుడు సంతకము చేయించుకొనవలయును. కంప్రెసర్ నూనె లేనిదై యుండుట మంచిది. గాలిలో నూనెగాని తేమగాని చేరినచో పంటిలో నింపిన పదార్థము సరిగా నంటుకొనదు.

స్థలమును బట్టియు యోచింపవలయును. హుస్సేన్‌సాగరపు మిగులు నీటి నాలా అశోక్‌నగర్ మీదుగా మూసీ దెసకు బాఱును. 2020 అక్టోబరు వానలలో నగరమున ననేక సెల్లార్లు మునిగిన సంగతి మీరెఱుగుదురు. చప్పుడు వినబడదని కంప్రెసర్‌ను, బ్యాటరీలను సెల్లారులో నుంచుట యిచ్చట దగదు. మేడపైగాని, గాలి యాడు వెనుక వసారాలోగాని యుంచవలయును. బోరు నీటిలోని సున్నము సన్నని గొట్టములలో గట్టిపడును. ఆటోక్లేవుకు శుద్ధజలము వేఱుగా గావలయును. పాత యిండ్ల మందపు గోడలను వైఫై సులభముగా దాటదు. గదికొక తీగె లాగించుట తొలుత వ్యయమైనను దుదకు లాభము.

ఎక్స్‌రే యంత్రమును గొనక మునుపే యటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు వారి ‘ఈలోరా’ ద్వారమున నమోదునకు, అనుమతులకు బూనవలయును. ఏ గోడవైపు కిరణములు పోవును, ఆ గోడ కావల నెవరు కూర్చుందురు అను విచారణ యిల్లు అద్దెకు దీసికొనునప్పుడే జరుగవలసినది. 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమములను బట్టి సూదులకు, రక్తము తగిలిన దూదికి వేర్వేఱు పాత్రలుంచుటకు గూడ చోటు చూచుకొనవలయును.

ఇక నిక్షేపమును గూర్చి. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ కంప్యూటర్లపై దుండగులు దాడి చేసి సమాచారమునకు దాళము వేసిరి. సుమారు రెండు వారములు అంతటి వైద్యాలయమున జేతివ్రాతతో బని జరిగినది. దాడికి లోబడని వేఱొక సర్వరులోని బ్యాకప్పునుండి సమాచారము మరల దేబడినది. చిన్న వైద్యశాలకు నిందులో బాఠము కలదు. రోగుల వివరములకు మూడు ప్రతులుండవలయును. అవి రెండు విధములైన సాధనములపై నుండవలయును. అందొకటి వైద్యశాల వెలుపల నుండవలయును. నెలకొకసారి ఆ ప్రతినుండి యొక రోగి చిత్రమును దెఱచి చూడవలయును. ఆవృత్తి చేయని పాఠము పరీక్షనాడు రాదు గదా! నిరీక్షించు గదిలో రోగులకిచ్చు వైఫైని, వైద్యుని కంప్యూటర్లున్న నెట్‌వర్కును వేఱు చేయుట తప్పనిసరి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము, సమ్మతి పొందుట, చెప్పిన ప్రయోజనమునకే వాడుట, భద్రముగ నుంచుట యను మాటలలో నీ నిక్షేపధర్మమునే చెప్పుచున్నది.

సాఫ్ట్‌వేరు కొనునప్పు డొక్క ప్రశ్న మఱువరాదు: “మేము మిమ్ము విడిచిన నాడు మా రోగుల వివరములను, ఎక్స్‌రేలను మాకు సర్వసాధారణమైన రూపమున దిరిగి యిత్తురా?” చిత్రములకు డైకామ్ అను సర్వసమ్మతమైన రూపము కలదు. ఇయ్యననువాని యొద్ద గొనుట, తాళపుచెవి పరులచేతికిచ్చి నిక్షేపము పుచ్చుకొనుట. మన ప్రాంతమున కిది మఱింత ముఖ్యము. అశోక్‌నగరమున ఉద్యోగ పరీక్షలకు జదువు విద్యార్థులు హాస్టళ్లలో నుండి, పరీక్ష కాగానే తమ జిల్లాలకు బోవుదురు. వారి పంటి చిత్రము వారితో బోవలయును. చిక్కడపల్లి పింఛనుదారులకో, తేది, వేళ తెలుగులో వ్రాసిన కాగితము చేతికి రావలయును. ఒకే యేర్పాటు ఈ యిరువురకును దగియుండవలయును.

పోషక మహాశయులారా! మీకొక విన్నపము. దానమనగానే పేరు చెక్కిన పలక గట్టుటకు వీలైన యంత్రమే యిత్తురు. ఎర్తింగు గుంటపై నెవ్వరును బలక గట్టరు. అయినను వైద్యశాలను నిలుపునది యదియే. విద్యానిధినుండి యప్పిచ్చునప్పుడు తొలి వాయిదాను గొట్టముల పటము, విద్యుత్తు లెక్క, సమాచార రక్షణ యేర్పాటు చూచిన పిమ్మట విడుదల చేయుడు. మూడు దిక్కులనుండి దవడను జూపు పెద్ద ఎక్స్‌రే యంత్రము మొదటి యేట నక్కఱలేదు. కావలసిన రోగిని ఆ పరీక్ష చేయు కేంద్రమునకు బంపవచ్చును. రోగులు పెరిగి, వాయిదాలు తప్పక కట్టగలిగిన నాడు కొనవచ్చును.

యువవైద్యులారా! సుశ్రుతుడు యంత్రములకు 12 దోషములను జెప్పెను. మీరు మీ వైద్యశాలకు దగిన దోషముల పట్టికను వ్రాసికొని, కొనుటకు మునుపే యొక్కొక్కదానిని సరిచూచుకొనుడు. ఆ పట్టికను మీ తండ్రిగారికి జదివి వినిపింపుడు. కుదువ పెట్టబడునది వారి యిల్లు. సెలవు.